ఎడమ చెప్పు, కుడి చెప్పు ఒకటేనంటున్న కంప్యూటర్: ఆకారాన్ని బట్టి వెతకడం ఎలా?

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకునేది వెతకడం గురించి. పాట కావాలంటే పేరు టైప్ చేస్తాం. పేరు తెలియని పువ్వు కనిపిస్తే ఫోటో తీసి గూగుల్ లెన్స్‌లో పెడతాం. మరి పేరూ తెలియక, ఫోటో కూడా సరిపోక, చేతిలో ఒక వస్తువు మాత్రమే ఉంటే ఏం చేయాలి?

ఇది గాలిలో పుట్టిన ప్రశ్న కాదు. కల్లూరు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా యాసంగిలో ఒక రైతు మోటారు ఆగిపోయిందనుకోండి. విప్పి చూస్తే లోపల నీళ్లను తోసే ఇంపెల్లర్ రెక్క విరిగింది. మోటారు పాతది, కంపెనీ పేరున్న ప్లేటు తుప్పు పట్టి ఊడిపోయింది. మెకానిక్ అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "సత్తుపల్లిలో అడుగు, లేకపోతే ఖమ్మం పోవాల్సిందే" అంటాడు. వాట్సాప్‌లో ఫోటో పంపితే షాపాయన "ఇదే" అని ఒకటి పంపిస్తాడు. తీరా బిగిస్తే పట్టదు. ఆ రెండు మూడు రోజులు మడి ఎండుతూనే ఉంటుంది.

ఇప్పుడు ఆ విరిగిన ముక్కను త్రీడీలో స్కాన్ చేసి, "దీనిలాంటిది మీ దగ్గర ఉందా?" అని కంప్యూటర్‌ను అడగగలిగితే? అలా అడగడానికి కావాల్సిన వస్తువు పేరే షేప్ డిస్క్రిప్టర్. అంటే ఒక ఆకారాన్ని కొన్ని అంకెల వరుసగా రాసుకోవడం. పేరు పెద్దగా ఉంది కానీ విషయం మనకు తెలిసిందే. చూద్దాం.

ఫోటో ఎందుకు చాలదు?

ఇంట్లో స్టీలు గ్లాసు తీసుకోండి. పైనుంచి ఫోటో తీస్తే గుండ్రంగా వస్తుంది. పక్కనుంచి తీస్తే నిలువు పలకలా వస్తుంది. పైనుంచి చూస్తే పళ్లెం కూడా గుండ్రమే. అంటే ఫోటోలో గ్లాసుకీ పళ్లేనికీ పోలిక దొరుకుతుంది, గ్లాసుకీ అదే గ్లాసుకీ దొరకకపోవచ్చు! దానికి తోడు వెలుతురు, రంగు, వెనకాల ఉన్న గోడ, అన్నీ ఫోటోలోకి దూరిపోతాయి.

త్రీడీ స్కాన్ అయితే ఈ గొడవ కొంత తగ్గుతుంది. 2020లో వచ్చిన ఐఫోన్ 12 ప్రో నుంచి కొన్ని ఫోన్లలో లైడార్ సెన్సార్ ఉంటోంది. అది లేని మామూలు ఫోన్‌తో కూడా వస్తువు చుట్టూ తిరుగుతూ చాలా ఫోటోలు తీసి, వాటిని యాప్‌తో కలిపి త్రీడీ మోడల్ చేయొచ్చు. మోడల్ అంటే ఏమీ లేదు. వస్తువు పైభాగం అంతా చిన్న చిన్న త్రిభుజాల వలతో కప్పినట్టు ఊహించుకోండి. ఆ వల ఫైలే త్రీడీ మోడల్.

కానీ ఇక్కడ ఒక చిక్కు. ఒకే చెంబును మీరొకసారి, నేనొకసారి స్కాన్ చేశామనుకోండి. మీ వలలో 5,000 త్రిభుజాలు, నా వలలో 20,000. మీది నిలబడి ఉంది, నాది పడుకుని ఉంది. మీరు సెంటీమీటర్లలో దాచారు, నేను అంగుళాల్లో. చెంబు ఒకటే, ఫైల్లో ఒక్క అంకె కూడా కలవదు. ఫైలును ఫైలుతో నేరుగా పోల్చి లాభం లేదు.

టైలర్ పుస్తకం

ఈ చిక్కును మన టైలర్లు ఎప్పుడో తీర్చేశారు. టైలర్ దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంటుంది. అందులో మీ ఫోటో ఉండదు. ఛాతీ, నడుము, భుజం, చెయ్యి పొడవు, అంతే. ఒక మనిషి మొత్తం నాలుగైదు అంకెల్లోకి వచ్చేశాడు. మీరు కూర్చుని వచ్చారా, బైకు మీద వచ్చారా, జుట్టు దువ్వుకున్నారా లేదా, ఆయనకు అనవసరం. రెండు పేజీల్లో అంకెలు దగ్గరగా ఉంటే ఆ ఇద్దరికీ ఒకే చొక్కా పడుతుంది.

ఆధార్ నంబర్ కూడా అంకెల వరుసే కదా అనొచ్చు. కానీ రెండు ఆధార్ నంబర్లు దగ్గరగా ఉన్నాయని ఆ ఇద్దరు మనుషులు ఒకేలా ఉండరు. టైలర్ అంకెలు అలా కాదు. అంకెలు దగ్గరైతే ఆకారాలు దగ్గర. మంచి డిస్క్రిప్టర్‌కు ఉండాల్సిన మొదటి గుణం ఇదే.

ఇంకో సంగతి గమనించండి. టైలర్ మీ ముఖాన్ని మర్చిపోయాడు. కావాలనే మర్చిపోయాడు. చొక్కా కుట్టడానికి ముఖంతో పని లేదు. అదే పుస్తకం పోలీసులకిచ్చి దొంగను పట్టుకోమంటే పనికిరాదు. ఈ ఎపిసోడ్ మొత్తంలో ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలంటే ఇదే గుర్తుపెట్టుకోండి: ప్రతి డిస్క్రిప్టరూ కొన్నిటిని పట్టుకుంటుంది, కొన్నిటిని కావాలని వదిలేస్తుంది. ఏం వదిలేయాలో మీ పనిని బట్టి మీరే తేల్చుకోవాలి.

రెండు చుక్కల ఆట

ఇప్పుడు అసలు పద్ధతి ఒకటి చూద్దాం. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన ఒసాడా, ఫంక్‌హౌజర్, షజెల్, డాబ్కిన్ అనే నలుగురు 2002లో "షేప్ డిస్ట్రిబ్యూషన్స్" అని ఒక పేపర్ వేశారు. అందులో బాగా పనిచేసిన పద్ధతి పేరు డీ2. ఎంత సులువో చూడండి.

వస్తువు మీద ఎక్కడైనా సరే, కళ్లు మూసుకుని ఒక చుక్క పెట్టండి. ఇంకోచోట ఇంకో చుక్క. రెండు చుక్కల మధ్య దూరం కొలిచి రాయండి. మళ్లీ రెండు చుక్కలు, మళ్లీ దూరం. ఇలా లక్షల సార్లు. కంప్యూటర్‌కు ఇది పెద్ద పని కాదు. చివర్లో ఆ దూరాలను చిన్నవి, మధ్యస్థం, పెద్దవి అని డబ్బాల్లో సర్దితే ఒక గ్రాఫ్ వస్తుంది. ఆ గ్రాఫే ఆ వస్తువు డిస్క్రిప్టర్.

ఉదాహరణకు సన్నటి చీపురు పుల్ల తీసుకుందాం. దాని మొత్తం పొడవును ఐదు సమాన భాగాలు చేసి ఐదు డబ్బాలనుకోండి. 100 సార్లు చుక్కలు పెడితే సగటున మొదటి డబ్బాలో 36 దూరాలు పడతాయి. తర్వాత వరుసగా 28, 20, 12, చివరి డబ్బాలో 4. ఎందుకంటే బాగా పెద్ద దూరం రావాలంటే ఒక చుక్క ఈ కొసన, ఇంకో చుక్క ఆ కొసన పడాలి. అది అరుదు.

ఇప్పుడు లోపల ఖాళీగా ఉన్న రబ్బరు బంతి. దాని పైభాగం మీద చుక్కలు పెడితే ఏమవుతుంది? అచ్చంగా తలకిందులు! 4, 12, 20, 28, 36. బంతి మీద ఒక చుక్క పెట్టి చూడండి. దానికి దగ్గరలో ఉన్న చోటు కొంచెమే, దూరంగా ఉన్న చోటు ఎక్కువ. అందుకే పెద్ద దూరాలే ఎక్కువ వస్తాయి.

రెండు వరుసలను పోల్చుదాం. ఒక్కో డబ్బాలో తేడా తీసి కూడితే 32, 16, 0, 16, 32. మొత్తం 96. అదే ఇంకో పుల్ల తెచ్చి కొలిస్తే 35, 29, 19, 13, 4 వచ్చిందనుకోండి. మొదటి పుల్లతో తేడా మొత్తం 4 మాత్రమే. కంప్యూటర్‌కు పుల్లంటే ఏంటో తెలియదు, బంతంటే ఏంటో తెలియదు. కానీ 4కూ 96కూ తేడా తెలుసు. లక్ష వస్తువుల గ్రాఫ్‌లు ముందే దాచి ఉంచితే, తేడా తక్కువ ఉన్నవాటిని పైన చూపిస్తుంది. ఆకారాన్ని బట్టి వెతకడం అంటే ఇంతే.

దీని అందం ఏంటంటే వస్తువును ఎటు తిప్పినా చుక్కల మధ్య దూరాలు మారవు. పడుకోబెట్టిన చెంబు, నిలబెట్టిన చెంబు ఒకటే. అన్ని దూరాలనూ సగటుతో గానీ, అన్నిటికంటే పెద్ద దూరంతో గానీ భాగిస్తే సెంటీమీటర్లు, అంగుళాల గొడవ కూడా పోతుంది. త్రిభుజాలు 5,000 ఉన్నా 20,000 ఉన్నా పెద్ద తేడా రాదు. మన చెంబు చిక్కులు మూడూ ఒక్క దెబ్బకు పోయాయి.

మరి ఏం వదిలేసింది?

ఇక్కడే మన టైటిల్. ఎడమ చెప్పు తీసుకుని డీ2 చేయండి, కుడి చెప్పుకూ చేయండి. రెండు గ్రాఫ్‌లూ ఒకటే! ఎందుకంటే కుడి చెప్పు అంటే అద్దంలో కనిపించే ఎడమ చెప్పే. అద్దంలో దూరాలు మారవు. కాబట్టి డీ2 దృష్టిలో రెండూ ఒకటే. కాళ్లకు మాత్రం ఒకటి కాదు.

ఇంకా బాగా చెప్పాలంటే శంఖం. దక్షిణావర్త శంఖం అని వినే ఉంటారు. చుట్టు తిరిగే దిక్కు మామూలు శంఖానికి ఎదురుగా ఉంటుంది. అది చాలా అరుదు, అందుకే అంత ధర. ఒక మామూలు శంఖం, సరిగ్గా దాని అద్దం బొమ్మలా ఉన్న దక్షిణావర్తం పక్కపక్కన పెట్టి డీ2ను అడిగితే "రెండూ ఒకటేగా" అంటుంది. శంఖాలమ్మే షాపులో ఈ ప్రోగ్రామ్ పెడితే యజమాని దివాళా తీస్తాడు.

మన ఇంపెల్లర్ సంగతి కూడా ఇదే. రెక్కలు ఏ దిక్కుకు వంగి ఉన్నాయన్నదే అందులో ముఖ్యం. ఎదురు రెక్కలది బిగిస్తే మోటారు తిరుగుతుంది కానీ నీళ్లు సరిగ్గా ఎత్తిపోయదు. సైజు కూడా అంతే. కుర్చీ చిన్నదైనా పెద్దదైనా కుర్చీయే, అక్కడ సైజు వదిలేయొచ్చు. కానీ బోల్టు? ఎం8 బోల్టు, ఎం10 బోల్టు చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. ఎం10ది ఎం8 రంధ్రంలో దూరదు. స్పేర్ పార్ట్ వెతికేటప్పుడు సైజును వదిలేసే డిస్క్రిప్టర్ పెట్టుకుంటే ఖమ్మం వెళ్లి వచ్చిన బస్సు చార్జీ కూడా దండగే.

అంటే డీ2 చెడ్డదా? కాదు. లక్ష వస్తువుల్లోంచి పుల్లల్లాంటివి, బంతుల్లాంటివి, పళ్లేల్లాంటివి వేరుచేసి వంద మిగల్చడానికి అది చాలా చురుకైనది. ఆ వందలోంచి మనకు కావాల్సిన ఒక్కటి తీయడానికి వేరే కొలత కావాలి. బియ్యం ముందు జల్లెడ పడతాం, తర్వాత చాటలో చెరుగుతాం, చివర్లో చేత్తో రాళ్లు ఏరతాం. ఇక్కడా అదే పద్ధతి.

తోలుబొమ్మల పద్ధతి

నేషనల్ తైవాన్ యూనివర్సిటీ వాళ్లు 2003లో ఇంకో దారి పట్టారు. రెండు వస్తువులు ఒకేలా ఉంటే, ఎటువైపు నుంచి చూసినా ఒకేలా కనిపించాలి కదా! కాబట్టి వస్తువును మధ్యలో పెట్టి, చుట్టూ 20 చోట్ల నుంచి దాని నీడను తీశారు. తోలుబొమ్మలాటలో తెర మీద పడే బొమ్మలా అనుకోండి. ఎదురెదురు వైపుల నుంచి చూస్తే ఒకే నీడ అద్దం తిప్పినట్టు వస్తుంది కాబట్టి అందులో 10 నీడలు చాలు. ఆ నీడలను అంకెలుగా మార్చి పోల్చారు. దీని పేరు లైట్ ఫీల్డ్ డిస్క్రిప్టర్.

2004లో ప్రిన్స్‌టన్ వాళ్లు 1,814 త్రీడీ మోడళ్లు పోగేసి అందరికీ ఇచ్చారు. విమానాలు, కుర్చీలు, జంతువులు, మొక్కలు, అన్నీ రకాలవారీగా సర్ది ఉంటాయి. దాని పేరు ప్రిన్స్‌టన్ షేప్ బెంచ్‌మార్క్. ఎవరి పద్ధతి గొప్పదో తేల్చడానికి ఒక ఉమ్మడి పరీక్ష పేపర్ అన్నమాట. అప్పటి 12 పద్ధతులను దాని మీద పరీక్షిస్తే ఈ నీడల పద్ధతే ముందు నిలిచింది. కాకపోతే డీ2తో పోలిస్తే ఎక్కువ చోటు తీసుకుంటుంది, పోల్చడానికి ఎక్కువ సమయం పడుతుంది.

మరి ఇది ఏం వదిలేస్తుంది? అంచుదాకా సమానంగా అన్నం నింపిన గిన్నె, ఖాళీ గిన్నె. రెండింటి నీడలూ ఏ వైపు నుంచైనా ఒకటే. గిన్నె లోపలి గుంట నీడలో పడదు. ఆకలితో ఉన్నవాడికి ఆ రెండు గిన్నెలూ ఒకటి కావు! ఇక్కడ డీ2 మేలు. గిన్నె లోపలి గోడ మీద కూడా చుక్కలు పెడుతుంది కాబట్టి తేడా పట్టేస్తుంది. చూశారా, ఒకటి వదిలేసింది ఇంకొకటి పట్టుకుంటోంది.

వంగేవాటి సంగతి

ఇప్పటిదాకా చెప్పినవన్నీ గట్టి వస్తువులు. మనిషి? కుక్క? కూర్చుంటే ఒక ఆకారం, పరిగెత్తితే ఇంకో ఆకారం. చుక్కల మధ్య దూరాలు మారిపోతాయి, నీడలు మారిపోతాయి.

దీనికి 2009లో జియాన్ సన్, మాక్స్ ఒవ్‌స్యానికొవ్, లియోనిడాస్ గీబస్ అనే ముగ్గురు ఒక తమాషా ఉపాయం చెప్పారు: వేడి. పొయ్యి మీద పెనం గుర్తు తెచ్చుకోండి. కాడ పొడవుగా, సన్నగా ఉంటే కొసకు వేడి మెల్లగా చేరుతుంది. పళ్లెం భాగంలో అన్ని వైపులకూ పరుచుకుంటుంది. అలాగే త్రీడీ బొమ్మ మీద ఒక చుక్క దగ్గర వేడి పెట్టినట్టు లెక్క వేసి, కాసేపటికి అక్కడ ఎంత వేడి మిగిలిందో చూస్తారు. వేలి కొసన పెట్టిన వేడికి పోయే దారి ఒక్కటే, అక్కడే నిలుస్తుంది. వీపు మీద పెట్టింది త్వరగా చెదిరిపోతుంది. వేడి పైభాగం వెంబడే పాకుతుంది కాబట్టి చెయ్యి మడిచినా చాచినా వేలి నుంచి భుజానికి దారి పొడవు మారదు. అందుకే కూర్చున్న మనిషి, నిలబడ్డ మనిషి ఒకరేనని ఇది చెప్పగలదు. దీన్ని హీట్ కెర్నల్ సిగ్నేచర్ అంటారు.

మరి దీన్ని తికమక పెట్టాలంటే? రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టండి, చాలు. స్కానర్‌కు రెండు అరచేతులు అతుక్కుపోయి ఒకే ముక్కలా కనిపిస్తాయి. వేడి కుడి చేతి నుంచి ఎడమ చేతికి అడ్డదారిలో దూకేస్తుంది. లెక్క తప్పుతుంది.

నేర్చుకునే కంప్యూటర్, నాగలి లేని లోకం

ఇక్కడ చాలామంది కామెంట్ పెడతారు: "అన్నా, ఇప్పుడు ఏఐ ఉంది కదా, ఇవన్నీ ఎందుకు?" మంచి ప్రశ్న. 2015లో మల్టీవ్యూ సీఎన్ఎన్ అని ఒక పద్ధతి వచ్చింది. అదీ తోలుబొమ్మల ఆలోచనే. వస్తువును చాలా వైపుల నుంచి బొమ్మ తీసి న్యూరల్ నెట్‌వర్క్‌కు చూపిస్తారు. 2017లో స్టాన్‌ఫర్డ్ నుంచి పాయింట్‌నెట్ వచ్చింది. అది నేరుగా చుక్కల గుంపునే చూసి నేర్చుకుంటుంది. వీటిలో కొలతలు ఏం తీసుకోవాలో మనిషి రాయడు, కంప్యూటరే ఉదాహరణలు చూసి తేల్చుకుంటుంది. ఫలితాలు పాతవాటికంటే చాలా మెరుగు.

కానీ టైలర్ పుస్తకం మాట గుర్తుందా? వదిలేయడం అనేది ఇక్కడా ఉంది. ఏం వదిలేయాలో ఇప్పుడు ఉదాహరణలు నిర్ణయిస్తున్నాయి. మరి ఆ ఉదాహరణలు ఎవరివి?

2015లో వచ్చిన షేప్‌నెట్ అనే పెద్ద సేకరణ ఉంది. అందులో ఎక్కువగా వాడే భాగంలో 55 రకాల వస్తువులు, దాదాపు 51,300 మోడళ్లు. కుర్చీలు, బల్లలు, విమానాలు, కార్లు వేలకొద్దీ ఉంటాయి. స్కేట్‌బోర్డు ఉంది. గిటార్ ఉంది. వాళ్ల ఇళ్ల ముందు ఉండే ఉత్తరాల డబ్బా ఉంది. పిట్టల కోసం చెట్టుకు కట్టే చెక్క ఇల్లు కూడా ఒక రకంగా ఉంది. ఆ 55 రకాల్లో నాగలి లేదు. ఎడ్లబండి లేదు. రోలు లేదు, తిరగలి లేదు.

అయితే ఏంటి అనుకోకండి. వెతికే యంత్రానికి ఒక అలవాటు ఉంది: "నా దగ్గర లేదు" అని అది తనంతట తాను చెప్పదు. ఉన్నవాటిలో దగ్గరది తెచ్చి చూపిస్తుంది. తిరగలి స్కాన్ చేసి ఇస్తే బహుశా గుండ్రటి బల్లో, డబ్బానో తెచ్చి పెడుతుంది. కొండపల్లి అంబారీ ఏనుగును ఇస్తే ఏం తెస్తుందో ఊహించుకోండి. ఆ చేతిపనిని ముందే ఎవరో స్కాన్ చేసి, పేరు రాసి లోపల పెట్టి ఉంటేనే అది దొరుకుతుంది.

మన దగ్గర ఈ దిశలో పని జరగడం లేదని కాదు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో సీవీఐటీ అనే పరిశోధన కేంద్రం ఉంది. వాళ్లు మన మనుషులను, మన దగ్గర వేసుకునే వదులు బట్టలతో సహా త్రీడీలో స్కాన్ చేసి త్రీడీహ్యూమన్స్ అనే సేకరణ తయారుచేశారు. టైట్ బట్టల్లో ఉన్న మనుషులను మాత్రమే చూసి నేర్చుకున్న కంప్యూటర్‌కు వదులు కుర్తా పెద్ద పరీక్షే మరి. మనుషులకు చేసిన పని మన వస్తువులకూ జరగాలి.

చందవరం రాయి చెప్పే పాఠం

ఇప్పటిదాకా మోటార్లు, గిన్నెలు అన్నాం. ఇదే ప్రశ్న ఒక శిల్పం దగ్గర ఎంత బరువెక్కుతుందో చూడండి.

ప్రకాశం జిల్లాలో చందవరం అని ఒక ఊరు. గుండ్లకమ్మ ఒడ్డున పాత బౌద్ధ స్తూపం ఉన్న చోటు. అక్కడి సున్నపురాయి శిల్పం ఒకటి దొంగతనంగా దేశం దాటిపోయింది. బుద్ధుణ్ని కొలుస్తున్న మనుషులు చెక్కి ఉన్న పలక అది, మూడో శతాబ్దం నాటిది. ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీ దాన్ని 2005లో ఒక న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొన్నది. అది ఇక్కడ ఉన్నప్పుడు తీసిన పాత ఫోటో బయటపడ్డాక కథ మారింది. 2016లో ఆస్ట్రేలియా దాన్ని మన దేశానికి తిరిగి ఇచ్చేసింది.

ఆ గుర్తింపు చేసింది షేప్ డిస్క్రిప్టర్ కాదు. పాత ఫోటో, దాన్ని జాగ్రత్తగా చూసిన మనుషుల కళ్లు. ఆ ఫోటో లేకపోతే? "ఇది మా చందవరం రాయే" అని మనం ఎంత మొత్తుకున్నా రుజువు ఉండేది కాదు.

ఇక్కడ మనకు కావాల్సిన డిస్క్రిప్టర్ పూర్తిగా వేరు. "ఇది బుద్ధుడి శిల్పం" అని చెప్పేది అక్కర్లేదు, అలాంటివి వందలున్నాయి. సరిగ్గా ఈ పలకే, ఈ మూల చెక్కు ఊడింది, ఇక్కడ గీత పడింది అని చెప్పేది కావాలి. కుర్చీలు వెతికేటప్పుడు గీతలూ సొట్టలూ వదిలేశాం. ఇక్కడ ఆ సొట్టే సాక్ష్యం. అద్దం తిప్పితే కూడా ఒకటేననే డీ2 ఇక్కడ కోర్టులో నిలబడదు.

ముక్కల సంగతి ఇంకా కష్టం. అమరావతి స్తూపం పలకలు కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియంలో, కొన్ని చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, కొన్ని అమరావతిలోనే ఉన్నాయి. ఒక ముక్క అంచు ఇంకో ముక్క అంచులో కూర్చుంటుందా అన్నది మొత్తం ఆకారం చూస్తే తెలియదు. విరిగిన అంచు ఒక్కటే చూడాలి. రోమ్‌లో ఇలాంటిదే ఒక పని జరిగింది. మూడో శతాబ్దం మొదట్లో పాలరాతి మీద చెక్కిన రోమ్ నగరం మ్యాపు 1,186 ముక్కలుగా మిగిలింది. 1999లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఆ ముక్కలను త్రీడీ స్కాన్ చేశారు. రాయి మందం, రాతిలో చారలు పోయే దిక్కు, అంచుల ఆకారం, చెక్కిన గీతలు, అన్నీ కలిపి కంప్యూటర్‌తో పోల్చి కొన్ని కొత్త జతలు కనిపెట్టారు. ఒక్క కొలతతో కుదరలేదు, నాలుగైదు కలిపారు.

మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలోనూ బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ గానీ, ఊరి గుడిలో మూల పడి ఉన్న పాత విగ్రహం విషయంలో గానీ పాఠం ఒకటే. వస్తువు మాయమయ్యాక దాని ఆకారాన్ని కొలవలేం. ఉన్నప్పుడే నాలుగు వైపులా రికార్డు ఉండాలి. రక్షిత స్థలాల్లో పురావస్తు శాఖ అనుమతి తీసుకోండి. దేన్నీ ముట్టుకోకుండా, కదపకుండా చేయండి. గుడిలో అయితే పూజారి గారిని, పెద్దలను అడిగి చేయండి.

ఈ వారం మీ పని

ఇంత విన్నాక చేతులు ఊరుకోవు కదా. ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఒక నోటుబుక్కు చాలు. 20 చిట్టీల మీద 1 నుంచి 20 దాకా అంకెలు రాయండి. అవి ఒక పుల్ల మీది గుర్తులనుకోండి. కళ్లు మూసుకుని రెండు చిట్టీలు తీయండి, తేడా రాయండి, చిట్టీలు మళ్లీ కలిపేయండి. 50 సార్లు చేయండి. తేడాలను ఐదు డబ్బాల్లో సర్దండి: 1 నుంచి 4, 5 నుంచి 8, 9 నుంచి 12, 13 నుంచి 16, 17 నుంచి 19. దాదాపు 18, 14, 10, 6, 2 చుట్టుపక్కల రావాలి. వచ్చిందంటే మీరు మీ చేత్తో ఒక పుల్లకు డీ2 డిస్క్రిప్టర్ తయారుచేసినట్టే.

పైథాన్ తెలిసినవాళ్లు ఇంకో మెట్టు ఎక్కండి. ట్రైమెష్, ఓపెన్‌త్రీడీ అనే ఉచిత లైబ్రరీలు ఉన్నాయి. ఏదైనా మోడల్ తీసుకుని పైభాగం మీద కొన్ని వేల చుక్కల జతలు పెట్టండి. దూరాలను సగటుతో భాగించి 64 డబ్బాల్లో సర్దండి. మొత్తం ప్రోగ్రామ్ ఒక పేజీ కూడా దాటదు. తర్వాత అదే మోడల్‌ను అద్దం తిప్పి మళ్లీ చేయండి. ఎడమ చెప్పు, కుడి చెప్పు కథ మీ స్క్రీన్ మీదే కనిపిస్తుంది.

ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లు ఇంట్లో అమ్మమ్మ వాడిన రోలో, తిరగలో, తాతయ్య కొడవలో ఏదో ఒకటి స్కాన్ చేయండి. మెరిసే స్టీలు సామాను వద్దు, వెలుతురు తిరగబడి స్కాన్ పాడవుతుంది. రాయి, చెక్క, మట్టి బాగా వస్తాయి. నీడలో పెట్టి, చుట్టూ మెల్లగా తిరుగుతూ ఒక్కో ఫోటో ముందు ఫోటోతో సగానికి పైగా కలిసేలా తీయండి. పక్కన ఒక స్కేలు పెట్టడం మర్చిపోవద్దు. సైజు వదిలేయాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. అసలు కొలవకపోతే తేల్చుకోవడానికి ఏమీ ఉండదు. దానికి మీ ఇంట్లో ఏ పేరుతో పిలుస్తారో ఆ పేరే పెట్టి దాచండి.

వచ్చే ఎపిసోడ్‌లో మీరు పంపిన వాటిలోంచి రెండు వస్తువులు తీసుకుని, వాటి గ్రాఫ్‌లు పక్కపక్కన పెట్టి చూద్దాం. ఏ రెండు వస్తువులను కంప్యూటర్ ఒకటే అనుకుంటుందో ముందే ఊహించి కామెంట్లో రాయండి. ఉంటాను.